పేరు లేని మాత్ర

"సుష్మా, ఆ పెట్టె మేడమ్ దిగిందే."

నాగబాబు గొంతు తెగి తెగి వినిపిస్తోంది. పోర్ట్ బ్లెయిర్‌కి సగం రోజు బస్సు దూరంలో ఉన్న రంగత్‌లో, మామ్మ ఇంటి అరుగు చివర, గోడకి ఆనుకుని నిలబడితే తప్ప సిగ్నల్ రాదు. సుష్మ రెండో చెవి చేత్తో మూసుకుంది.

"ఎవరు భయ్యా? సరిగ్గా చెప్పు."

"అరే, పోయినసారి మన తలుపు కొట్టి వెళ్లిపోయింది చూడు, సందు చివర కారెక్కుతుంటే నేను చూశానన్నాను, ఆవిడే! పొద్దున్న ఫ్లైటుకి వచ్చింది. నా ఆటోలోనే ఎక్కింది యార్. చేతిలో అదే పెట్టె. అబర్డీన్ బజార్‌లో హోటల్ దగ్గర దింపి వస్తున్నా. పక్కా నీ కోసమే."

 సుష్మ గోడకి ఇంకాస్త ఆనుకుంది.

సుష్మ ట్రాక్ సైక్లిస్టు. గిన్నె అంచులా ఏటవాలుగా కట్టిన ట్రాక్ మీద, బ్రేకులు లేని సైకిలుతో తిరిగే పందాలు ఆమెవి. దేశం తరఫున ఆడే స్థాయికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె పేరు డోప్ పరీక్షల జాబితాలో చేరింది. ఆ జాబితాలో ఉన్నవాళ్లు రోజూ ఫలానా గంటలో ఫలానా చోట ఉంటామని ముందుగా ఫోన్ యాప్‌లో చెప్పాలి. ఆ గంటలో ఢిల్లీ నుంచి ఎవరైనా చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు తట్టొచ్చు. తట్టినప్పుడు మనిషి లేకపోతే ఒక తప్పు. ఏడాదిలో అలాంటివి మూడైతే, మందు వాడి పట్టుబడినవాళ్లకి పడినట్టే నిషేధం పడుతుంది.

సుష్మకి అప్పటికే రెండు పడ్డాయి.

మొదటిది ఆమె అజాగ్రత్తే. ట్రైనింగ్ క్యాంపు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారింది, యాప్‌లో మార్చడం మరిచిపోయింది. రెండోది మాత్రం ఎవరికి చెప్పినా నమ్మని తప్పు. ఆ పొద్దున ఆమె పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లోని తమ ఇంట్లోనే, మేడ మీది రేకుల గదిలో పడుకుని ఉంది. జోరు వాన. రేకుల మీద వాన పడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినిపించదు. కరెంటు లేదు, బెల్లు మోగలేదు; కింద ఇంట్లో ఎవరూ లేరు. పరీక్షకి వచ్చిన మేడమ్ గంటసేపు గొడుగు కింద నిలబడి, తలుపు బాది బాది వెళ్లిపోయింది.

అక్కడి నుంచి మొదలైంది గుసగుస. 'ఇంట్లోనే ఉండి తలుపు తియ్యలేదట.' 'ఎందుకు తీస్తుంది? ఒంట్లో ఏముందో దానికి తెలీదా?' స్టేడియంలో పిల్లలు ఆమె వస్తుంటే మాటలు ఆపేసేవారు. అబర్డీన్ బజార్‌లో కూరలమ్మే మనిషి కూడా "దీదీ, వో దవాయీ వాలా బాత్ సచ్ హై క్యా?" అంటూ మందు సంగతి నిజమేనా అని అడిగాడు. చిన్నప్పటి నుంచి కలిసి తొక్కిన నాన్సీ అందరిలా చాటున అనలేదు. ఎదురుగా వచ్చి అడిగింది: "సచ్ బోల్ సుష్మా. వాడావా?"

"లేదు."

"మరి తలుపెందుకు తియ్యలేదు?"

"వాన."

నాన్సీ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "వాన," అని తనలో తాను అనుకుంటున్నట్టు అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి ప్రాక్టీసులో పక్కన తొక్కుతుంది గానీ పక్కన కూర్చోదు. ఎవరెన్ని అన్నా ఆ ఒక్కటే సుష్మకి గుచ్చుకుంది.

ఇప్పుడు మళ్లీ ఆ మేడమ్ వచ్చింది. రేపటికి యాప్‌లో ఉన్నది మిడిల్ పాయింట్ ఇల్లు, పొద్దున్నే ఆరు నుంచి ఏడు. కాళ్లు వాచి మంచాన పడ్డ మామ్మని చూడటానికి సుష్మ నిన్న రంగత్ వచ్చింది. ఇవాళ తిరిగి వెళ్లాలి. బస్సు టిక్కెట్టు బ్యాగులోనే ఉంది. వెళ్లి, రేపు తలుపు తీసి, అడిగిన సీసా నింపి ఇస్తే నోళ్లన్నీ మూతపడతాయి. అంతే కదా అనుకుంది. అనుకుంటుండగానే ఇందాక వేసుకున్న మాత్ర గుర్తొచ్చింది.

పొద్దున లేస్తూనే తల పగిలిపోయేలా నొప్పి. ఏ మందు వాడాలన్నా, ఆఖరికి దగ్గు మందైనా సరే, పేరు చదివి, కోచ్ దేవప్రసాద్ సర్‌కి ఫోన్ చేసి అడిగాకే నోట్లో వేసుకోవడం ఆమెకి ఏళ్ల అలవాటు. ఇవాళ కళ్లు తెరవలేని నొప్పిలో, మామ్మ అరచేతిలో పెట్టిన తెల్ల మాత్రని మంచినీళ్లతో మింగేసింది.

ఫోన్ కట్ చేసి లోపలికి పరుగెత్తింది. "మామ్మా, పొద్దున నాకిచ్చిన మాత్ర ఏది?"

యర్రమ్మ దిండు పక్కనున్న బిస్కెట్ల డబ్బా చూపించింది. "అందులోదే. జొరం మాత్ర. ఏటయిందమ్మీ?"

సుష్మ డబ్బా మంచం మీద బోర్లించింది. మందుల షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్కలు. రెండేసి, నాలుగేసి మాత్రలు. ఒకదాని మీద పేరులో సగం, ఒకదాని మీద ధర, చాలావాటి మీద ఏమీ లేదు. జ్వరం మాత్రలు తెల్లగా ఉన్నాయి. మామ్మ కాళ్ల వాపుకి డాక్టరు రాసిన నీరు తీసే మాత్రలూ తెల్లగానే ఉన్నాయి.

"ఇదా, ఇదా మామ్మా? చూసి చెప్పు."

"నాకేటి తెలుస్తాదే. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తల నొప్పి అన్నావు, సేతికొచ్చింది ఇచ్చీసినాను." ముసలామె మనవరాలి మొహం చూసి కంగారు పడింది. "ఏటి, ఇసమా అది?"

"కాదులే మామ్మా."

విషం కాదు. ఒంట్లో నీరు బయటికి తోసే మాత్ర, అంతే. కానీ వేరే మందుల ఆనవాళ్లని కడిగెయ్యడానికి కొందరు దాన్ని వాడతారని, పందెం ఉన్నా లేకపోయినా అది ఒంట్లో కనిపించకూడదని నిషేధించారు. దేవప్రసాద్ సర్ ఏటేటా కొత్త పిల్లలకి చెప్పే మొదటి పాఠాల్లో అదొకటి.

మళ్లీ అరుగు చివరికి వచ్చి అన్నకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

 నాగబాబు గొంతు తగ్గించి, "అయితే రాకు," అన్నాడు.

"అదేంటి?"

"అక్కడే ఉండిపో. మామ్మకి బాగోలేదు కదా, అబద్ధం కాదు కదా. యాప్‌లో రేపటికి రంగత్ అని పెట్టెయ్. ఆ మేడమ్ మధ్యాహ్నం అడవి రోడ్డు కాన్వాయ్ పట్టుకుని అంత దూరం రాదు. వచ్చినా ఎల్లుండి మాట. ఈలోగా అది ఒంట్లోంచి పోతుంది. నీకు తప్పూ పడదు, టెస్టూ ఉండదు. సోచ్ లే."

ఆలోచించింది. అన్న చెప్పినదాంట్లో రూలుకి విరుద్ధమైనది ఒక్క ముక్క లేదు. నిజంగానే ఉండిపోతే, నిజంగానే రంగత్ అని రాస్తే, ఎవరూ వేలెత్తి చూపలేరు. యాప్ తెరిచింది. రేపటి తేదీ మీద వేలు పెట్టింది. చిన్న చక్రం తిరుగుతూనే ఉంది, సిగ్నల్ చాలక.

ఆ చక్రాన్ని చూస్తుంటే ఆమెకి వాన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తను దాక్కోలేదు. దాక్కున్నావని లోకమంతా అంటున్నా ఇన్నాళ్లూ తలెత్తుకు తిరిగింది ఆ ఒక్క ధైర్యంతోనే. ఇవాళ ఇక్కడ ఉండిపోతే అందరూ అన్న మాట నిజమవుతుంది. అది ఎవరికీ తెలియకపోవచ్చు, తనకి తెలుస్తుంది. పైగా వేసుకున్నది జ్వరం మాత్రే అయ్యుండొచ్చు కదా.

యాప్ మూసేసి బ్యాగు సర్దుకుంది.

బస్సు రంగత్ దాటిన కాసేపటికే మొదటిసారి అనిపించింది, దిగితే బావుండునని. పొద్దున టీ ఎక్కువ తాగానులే అనుకుంది. జెట్టీ చేరేసరికి ఆగలేక బాత్రూంకి పరుగెత్తింది. పడవలో దాటి అవతలి ఒడ్డుకి చేరాక మళ్లీ. మళ్లీ బస్సెక్కుతుంటే కండక్టరు, "అరే బెహన్, తబియత్ ఠీక్ హై నా? ఇక అడవి చివరి గేటు దాకా ఆపడం కుదరదు," అన్నాడు.

ఆ సంగతి ఆమెకి పుట్టినప్పటి నుంచి తెలుసు. జరావా ఆదివాసుల అడవి గుండా పోయే ఆ రోడ్డు మీద బళ్లన్నీ వరసకట్టి, ముందూ వెనకా పోలీసులతో వెళ్లాలి. ఎవరి కోసమూ ఏ బండీ ఆగకూడదు. వరస కదిలింది. రెండు పక్కలా చెట్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. సుష్మ గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. పెదవులు ఎండిపోతున్నాయి. అయినా పొత్తికడుపు రాయిలా బిగుసుకుంటోంది. చున్నీ కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ ఆమె చెమటలు చూసి చెయ్యి పట్టుకుంది. "ఏం కావాలమ్మా? వాంతొస్తోందా?"

"కాదమ్మా. ఇంకెంత దూరం?"

"ఇప్పుడే కదే బయల్దేరాం."

పందెంలో ఆఖరి చుట్టులో తొడలు మండిపోతున్నప్పుడు కూడా ఇంత సేపు బిగపట్టలేదు. ఆ అడవి మధ్యలోనే ఆమెకి అర్థమైపోయింది. జ్వరం మాత్ర మనిషిని ఇలా చెయ్యదు.

గేటు దగ్గర బస్సు ఆగీ ఆగకముందే దూకి పరుగెత్తింది. తిరిగొచ్చి సీట్లో కూలబడ్డాక ఏడుపొచ్చింది. పెద్దావిడ బిస్కెట్టు ఇవ్వబోయింది. సుష్మ భయంతో చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత సిగ్గేసింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి దేవప్రసాద్ సర్ ముందు గదిలో కూర్చుని ఉన్నారు. నాగబాబే పిలిచాడు. పిల్లల స్కూలులో ఆయాగా పనిచేసే తల్లి చిన్నమ్మి వంటింటి గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. తండ్రి ఓడ డ్యూటీలో ఉన్నాడు.

దేవప్రసాద్ ఒకప్పుడు తనూ సైకిల్ తొక్కినవాడే. స్కూలు గ్రౌండులో అన్న పాత సైకిలు మీద మగపిల్లలందరినీ దాటిపోతున్న సుష్మని చూసి, ఇంటికొచ్చి చిన్నమ్మిని ఒప్పించి ట్రాక్ మీదికి తీసుకెళ్లింది ఆయనే. తెలుగు చర్చిలో సంఘ పెద్ద. ఆదివారాలు తప్ప మిగతా రోజులన్నీ స్టేడియానివే.

అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "తలుపు తియ్యాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ ఫారంలో ఈ మధ్య వాడిన మందులేమిటని అడుగుతారు. అక్కడ ఏం రాస్తావు?"

"జరిగింది రాస్తాను సర్."

"రాయకు."

సుష్మ తలెత్తి చూసింది.

"వినమ్మా. ఒక్క మాత్ర. సగం పోయే ఉంటుంది. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. నువ్వే రాసిస్తే నీ మెడకి నువ్వే ఉరి వేసుకున్నట్టు. దొరికితే అప్పుడు చెబుదాం, మామ్మ ఇచ్చిందని."

"అప్పుడు చెబితే దొరికాక అల్లిన కథ అంటారు సర్. వాన కథలాగే."

"నేషనల్స్ దగ్గరకొచ్చాయి సుష్మా! ఇన్నేళ్ల కష్టం—"

"మరి మీరేనా సర్ ఇలా చెప్పేది?"

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అయినా దేవప్రసాద్ మొహం ఎవరో కొట్టినట్టు అయిపోయింది.  లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "పొద్దున నేనూ వస్తాను. నీ పక్కన ఉంటాను. నువ్వేం రాసినా సరే."

పొద్దున నాగబాబు తెల్లవారకముందే వీధి తలుపు బార్లా తెరిచి, అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సుష్మ స్నానం చేసి, జడ వేసుకుని మెట్ల మీద కూర్చుంది. ఆరు కొట్టిన కొద్దిసేపటికి మేడమ్ పెట్టెతో సందులోకి వచ్చింది. కుర్చీలో ఉన్న ఆటోవాలాని చూసి తడబడింది. అతని వెనక సుష్మని చూసి, "ఆజ్ దర్వాజా ఖులా హై," అంది నవ్వకుండా, తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ.

"హా మేడమ్. ఆయియే."

సీసా ఎంచుకోమన్నారు. ఎంచుకుంది. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడవమన్నారు. బాత్రూం తలుపు తెరిచి ఉంచి, మేడమ్ ఎదురుగా నిలబడి చూస్తుండగా ఇవ్వాలి. ఎన్నిసార్లు ఇచ్చినా అలవాటు కాని సిగ్గు అది. నిన్నంతా నరకం పెట్టిన ఒళ్లు ఇవాళ ఎండిపోయినట్టు మొండికేసింది. నీళ్లు తాగింది. మళ్లీ వెళ్లింది. చాలలేదన్నారు. మళ్లీ కూర్చుంది. చిన్నమ్మి కొంగుతో మొహం కప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గోడకి ఆనుకున్న దేవప్రసాద్ కళ్లు మూసుకున్నారు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఎలాగో అయింది. రెండు సీసాల్లో పోసి బిగించారు. ఆఖర్న ఫారం.

మందుల గడి దగ్గర సుష్మ పెన్ను ఆగింది. మేడమ్ వాచీ చూసుకుంటోంది. సుష్మ హిందీలో, ముత్యాల్లా కాకపోయినా స్పష్టంగా రాసింది: నిన్న పొద్దున తలనొప్పికి రంగత్‌లో మా నాన్నమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నాను. పేరు చూడలేదు. అది ఆమె కాళ్ల వాపు మాత్ర అని నా అనుమానం.

మేడమ్ చదివింది. మొదటిసారి సుష్మ మొహంలోకి సూటిగా చూసింది. "ఇది పాజిటివ్ వస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు మేడమ్."

ఆవిడ కింద సంతకం పెట్టింది.

పాజిటివ్ వచ్చింది. ఫలితం వచ్చేదాకా గడిచిన వారాల్లో సుష్మ రోజూ ట్రాక్‌కి వెళ్లింది, రోజూ తొక్కింది, అన్నం సహించక బరువు తగ్గింది. మెయిల్ వచ్చిన రోజు నుంచి ట్రాక్ గేటు లోపలికి వెళ్లడానికి లేదు. పోర్ట్ బ్లెయిర్ చిన్న ఊరు. సాయంత్రానికల్లా ఫోన్లన్నిట్లో ఆమె ఫోటో తిరిగింది. 'చూశారా' అన్నవాళ్లే ఎక్కువ. నాగబాబు ఆటో స్టాండులో ఎవరి కాలరో పట్టుకుని, పెదవి చీల్చుకుని ఇంటికొచ్చాడు.

మర్నాడు నాన్సీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఫారంలో నువ్వే రాశావట కదా. దేవప్రసాద్ సర్ చెప్పారు."

"రాశాను."

"పాగల్ హై క్యా తూ?" అంటూనే లోపలికొచ్చి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది.  వెళ్లేముందు, "ఆ రోజు నిజంగా వానేనా?" అంది.

"వానే."

"సరే," అంది నాన్సీ.

విచారణ వీడియోలో. నెట్ ఆగకుండా వస్తుందని దేవప్రసాద్ తెలిసినవాళ్ల ఆఫీసు గది అడిగి పెట్టారు. మాత్ర ఇచ్చిన మనిషి కూడా మాట్లాడితే మంచిదన్నారు. మామ్మని ఆ బస్సులో, ఆ రోడ్డులో అంత దూరం తిప్పడం సుష్మకి ఇష్టం లేదు. అసలు ఈ గొడవంతా ఆమెకి చెప్పనే లేదు. నాగబాబు వెళ్లి చెప్పాడు. యర్రమ్మ ఒక్క ప్రశ్న వేసిందట: "నా మాత్ర వల్లేనేటి?" మర్నాడే వాచిన కాళ్లకి గుడ్డలు చుట్టుకుని బయల్దేరింది.

తెర మీద ముగ్గురు. వాళ్లలో నడివయసు వకీలు సుష్మని గుచ్చి గుచ్చి అడిగాడు. ఇన్నేళ్ల అనుభవం ఉండి పేరు చూడకుండా ఎలా మింగావు? అంతకుముందు రెండుసార్లు పరీక్షకి ఎందుకు దొరకలేదు? ఆనవాళ్లు కడిగే మాత్రే ఒంట్లో ఎందుకు దొరికింది? ప్రతి ప్రశ్నకీ ఆమె దగ్గర ఉన్నది ఒకే జవాబు, జరిగింది.  మామ్మ వాడే మందుల చీటీ, డాక్టరు మాట వాళ్ల ముందు పెట్టారు. తర్వాత యర్రమ్మని కెమెరా ముందుకి జరిపారు. ఎక్కడ చూడాలో తెలియక ఆమె తెర అంచు వైపు చూస్తూ దండం పెట్టింది.

"మాతాజీ, గోలీ ఆప్‌నే దీ థీ?"

"హా సాబ్, మై దియా," అంది యర్రమ్మ, దీవుల హిందీలో. "మేరే కో పఢ్నా నహీ ఆతా. సఫేద్ దేఖా, దే దియా. ఇస్‌కా సిర్ దుఖ్ రహా థా." చదవడం రాదనీ, తెల్లగా ఉంది చూసి ఇచ్చేశాననీ చెప్పాక, హిందీ చాలక తెలుగులోకి వచ్చేసింది. "బాబూ, అది నన్నేటీ అడగలేదు, నానే నోట్లో ఎట్టినాను. శిచ్చ ఏదైనా ఉంటే నాకెయ్యండి. పిల్లని సైకిలు తొక్కనివ్వండి."

దేవప్రసాద్ దాన్ని హిందీలో చెప్పబోయి చెప్పలేకపోయారు. సుష్మే చెప్పింది, ఆఖరి మాట తప్ప. వకీలు ఆ తప్పించిన మాటేమిటని అడిగాడు. అప్పుడు అదీ చెప్పింది.

దోషి కాదని వాళ్లు అనలేదు. మోసం ఉద్దేశం లేదనీ, అడగకముందే రాసి ఇచ్చిందనీ, అయినా ఆ స్థాయి క్రీడాకారిణి పేరు చూడకుండా మింగడం తప్పేననీ తేల్చారు. శిక్షని నెలలకి కుదించారు. ఏళ్ల నిషేధం తప్పింది, నేషనల్స్ మాత్రం పోయాయి. ఆ ఏడు స్ప్రింట్‌లో నాన్సీకి రజతం వచ్చింది. సుష్మ ఆ పందెం ఫోన్‌లో చూసింది. మొదటి చుట్టు పూర్తికాకుండానే ఫోన్ నాగబాబు చేతిలో పెట్టి లేచి బయటికి వెళ్లింది. అరుపులు విని మళ్లీ లోపలికొచ్చి చివరిదాకా చూసింది.

ఆ నెలల్లో ఆమె రోడ్డు మీద ఒంటరిగా తొక్కింది. బస్సులోంచి ఎవరో 'దవాయీ దీదీ' అని అరిస్తే వినబడనట్టు వెళ్లడం నేర్చుకుంది. కొన్ని రోజులు నేర్చుకున్నది పనికిరాలేదు, ఇంటికొచ్చి సైకిలు గోడకేసి కొట్టింది.

నిషేధం తీరాక మొదటి పెద్ద పందెం మెయిన్‌ల్యాండ్‌లో. ఫైనల్‌కి చేరింది. ఆఖరి వంపులో లోపలి గీత పట్టుకుని ఇద్దరిని దాటింది, మూడో స్థానంలో ఉన్నమ్మాయిని మాత్రం దాటలేకపోయింది. సైకిలు దిగీ దిగకముందే పరీక్షకి రమ్మని ఒకమ్మాయి ఎదురుగా నిలబడింది. సుష్మ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని ఆమె వెంట నడిచింది.

ఆ పని అయ్యాక రంగత్‌కి ఫోన్ చేసింది.

"గెలిసినావేటే?" అంది యర్రమ్మ.

"నాలుగోది మామ్మా."

"నాలుగా." ముసలామె కొంచెం ఆలోచించింది. "పడిపోలేదు కదా?"

"లేదు."

"అయితే ఏదన్నా తిను ముందు," అంది. "గొంతు సన్నబడిపోయింది నీకు."